కుక్కకు ధర కట్టొద్దు భాయ్

మొన్న జుమా నమాజ్ అయ్యాక ఆత్మకూరులో మసీదు మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటుంటే ఒక చాచా నా భుజం మీద చెయ్యేసి ఆపాడు. "ఏం బేటా, ఇంట్లోకి కుత్తా తెస్తున్నావంట? నమాజీ మనిషివి, ఇదేం పని?" అన్నాడు. నేను జవాబిచ్చేలోపే జేబులో ఫోన్ మోగింది. నెల్లూరులో ఉండే మా తోడల్లుడు. "భాయ్‌జాన్, లాబ్రడార్ పిల్ల ఒకటుంది. కాగితాలతో సహా ఇస్తాడంట. పద్దెనిమిది వేలు చెప్తున్నాడు, నేను మాట్లాడితే పదిహేనుకొస్తాడు. బేటీ ఖుషీ అయిపోతుంది" అన్నాడు.

ఒకాయనేమో కుక్కే వద్దంటాడు. ఇంకొకాయన డబ్బిచ్చి కొనుక్కోమంటాడు. ఇద్దరూ నా మేలు కోరేవాళ్ళే, ఇద్దరిదీ గలతే. చాచా పెద్దాయన, మెట్ల మీద నిలబడి బహస్ చేయడం అదబ్ కాదని సలాం చెప్పి వచ్చేశాను. తోడల్లుడికి మళ్ళీ చేస్తానన్నాను. ఇద్దరికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, సబర్‌తో చదవండి.

మాకు కుక్క ఎందుకు అనేది మొదటి సవాల్. మా ఇల్లు ఊరి చివర. నా బేగం ఐదారు మేకలు సాకుతుంది. బక్రీద్ దగ్గర పడిందంటే మేకల దొంగలు ఎట్లా తిరుగుతారో ఈ పడమటి మండలాల్లో మేకలున్న ప్రతి ఇంటికీ తెలుసు. ఆటోలో వస్తారు, మేక మూతికి గుడ్డ కడతారు, పోతారు. పోయినేడు మాది ఒకటి పోయింది. కుర్బానీకని ఏడాది పాటు మా పాప చేత్తో ఆకు తినిపించిన మేక అది. కాబట్టి మాది షౌక్ కాదు, జరూరత్. ఈ ఫరక్ గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీనితో పనుంది.

ఇక చాచాకి జవాబు.

చాచా, మీరు చెప్పే హదీసులు నాకూ తెలుసు. కుక్క ఉన్న ఇంట్లోకి రహమత్ ఫరిష్తాలు రారని ఉంది. కారణం లేకుండా కుక్కను పెంచేవాడి సవాబ్‌లోంచి రోజూ ఖీరాత్ కొద్దీ తగ్గుతుందని ఉంది. నేను కాదనను. కానీ ఆ ఖీరాత్ హదీసును మనవాళ్ళు సగం దగ్గరే ఆపేస్తారు. రెండో సగంలో మినహాయింపు ఉంది: మందను కాసే కుక్క, వేటకుక్క, చేను కాసే కుక్క. సహీ బుఖారీలోనూ ఉంది, సహీ ముస్లింలోనూ ఉంది. మా ఇంటికి రాబోయేది మేకల కొట్టం ముందు పడుకునే కుక్క. మీరు పొద్దున్నే తాగే టీలో పాలు ఏ మంద నుంచి వచ్చాయో, ఆ మంద వెనక ఒక కుక్క నడిచే ఉంటుంది. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు వైపు కొండల కింద గొర్రెలు తోలే వాళ్ళను అడగండి, కుక్క లేకుండా రాత్రి మంద వేస్తారేమో.

రెండో దలీల్ నాపాక్ అన్నది. ఇక్కడ మన ఉలమాల మధ్యనే ఇఖ్తిలాఫ్ ఉంది, ఆ సంగతి మసీదుల్లో ఎవరూ గట్టిగా చెప్పరు. ఇమాం మాలిక్ మస్లక్‌లో బతికున్న కుక్క పాక్. గిన్నెలో మూతి పెడితే కడగమన్నది ఇబాదత్ లాంటి హుకుం, మైల పడిందని కాదు అన్నారు వాళ్ళు. షాఫయీలు, హంబలీలు కుక్క మొత్తం నజిస్ అన్నారు, ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టితో అన్నారు. మనం హనఫీలం. మన మస్లక్‌లో కుక్క నోటి లాలాజలం నజిస్, పొడిగా ఉన్న ఒళ్ళు కాదు. గిన్నెను మూడుసార్లు కడిగితే పాక్ అవుతుంది, ఏడుసార్లు కడగడం మేలు. అంటే చాచా, మీరు మసీదుకొస్తుంటే దారిలో కుక్క తోక మీ పైజామాకు తగిలిందని ఇంటికి వెనక్కి పరుగెత్తక్కర్లేదు. మీ ఇమాం అబూ హనీఫానే మీకు ఆ సహూలియత్ ఇచ్చాడు. రసూలుల్లా కాలంలో మదీనా మసీదులోంచి కుక్కలు అటూ ఇటూ తిరిగేవనీ, ఆ చోట నీళ్ళు కూడా చల్లేవాళ్ళు కాదనీ ఇబ్నె ఉమర్ చెప్పిన రివాయత్ బుఖారీలో వజూ అధ్యాయంలో ఉంది. నేను మసీదులోకి తెస్తానని అనడం లేదు. కొట్టం దగ్గర కడతానంటున్నాను.

మూడోది, ఎవరూ ఎత్తని మాట నేనే ఎత్తుతాను. మదీనాలో ఒక దశలో కుక్కల్ని చంపమని హుకుం అయ్యింది. నిజమే. ఆ హుకుం తర్వాత ఆపేశారు. ఎందుకు ఆపారు? అవీ ఉమ్మత్‌లలో ఒక ఉమ్మత్ కాబట్టి అని అబూ దావూద్‌లో ఉంది. ఖురాన్‌లో సూరా అన్‌ఆమ్ 38వ ఆయత్ చూడండి, నేల మీద నడిచేవీ గాలిలో ఎగిరేవీ మనలాంటి ఉమ్మత్‌లేనని ఉంటుంది. సూరా మాయిదా 4వ ఆయత్‌లో వేటకు నేర్పిన కుక్క పట్టి తెచ్చింది హలాల్ అని ఉంది. ఇక సూరా కహఫ్ సంగతి వేరే చెప్పాలా? ప్రతి జుమా నాడు చదివే సూరా అది. గుహలో దాక్కున్న ఆ నౌజవాన్లతో పాటు వాళ్ళ కుక్క కూడా గడప దగ్గర ముందుకాళ్ళు చాచి పడుకుని ఉంది. అల్లా తన కితాబ్‌లో దాని కూర్చునే తీరు కూడా చెప్పాడు. ఆ నౌజవాన్లు ఎందరో లెక్కపెట్టేటప్పుడు ప్రతిసారీ కుక్కను కూడా కలిపే లెక్కపెట్టాడు. వాళ్ళ పేర్లు మనలో చాలామందికి తెలియవు. కుక్క పేరు ఖిత్మీర్ అని మా నానీకి తెలుసు. చదువు రాని మనిషి, ఉత్తరం కవరు మీద ఆ పేరు రాయించి పోస్టు చేయించేది, దారిలో పోకుండా ఉంటుందని.

చాచా, నేను అడిగేది ఒక్కటే. మీ గల్లీలో మూడంతస్తుల మేడ కట్టిన కువైట్ భాయ్ గేటుకు జర్మన్ షెపర్డ్‌ను కట్టినప్పుడు మీరు మెట్ల మీద ఆపి అడిగారా? లేదు. దావత్‌కి పిలిస్తే వెళ్ళి బిర్యానీ తిని, "క్యా కుత్తా హై మాషాల్లా" అని మెచ్చుకుని వచ్చారు. అది గేటు కుక్క, ఇజ్జత్ కుక్క. నాది ఊరకుక్క కాబట్టి నాపాక్ అయ్యిందా? నజాసత్‌కి కూడా రేటు ఉంటుందా? కోపం తెచ్చుకోకండి, ఇది మీ ఒక్కరి మాట కాదు. మన మొహల్లాల్లో నేను చూస్తున్నదే. మూరెడు తోక ఊపుతూ వచ్చిన వీధికుక్కను రాయితో కొడతారు, ఇరవై వేలు పెట్టి తెచ్చిన దానికి ఏసీ పెడతారు.

ఇక్కడి నుంచి మా తోడల్లుడి వంతు.

సాడూ భాయ్, మీకు గుర్తుందో లేదో, మేం ఒకసారి కొన్నాం. రెండేళ్ళ కిందట. నెల్లూరులో ఒక దుకాణంలో, పేరు అనవసరం. తెల్లటి పొమెరేనియన్ పిల్ల. నలభై రోజులదన్నాడు, టీకాలు వేశామన్నాడు, ఒక పసుపు పచ్చ కార్డు మీద ఏదో స్టిక్కర్ అంటించి ఇచ్చాడు. బస్సులో అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చాం. పాప దానికి పేరు పెట్టింది, అరచేతిలో పాలు పోసి నాకించింది. మూడో రోజు వాంతులు. నాలుగో రోజు రక్తంతో విరేచనాలు, ఇల్లంతా ఆ వాసన. పశువుల డాక్టరు చూసి పార్వో అన్నాడు. సెలైన్లు పెట్టాడు. ఆరో రోజు ఫజర్ అజాన్ వేళకు పోయింది. దుకాణానికి ఫోన్ చేస్తే "మీ దగ్గరకొచ్చాక పట్టింది సార్, ఇంకోటి సగం ధరకి ఇస్తాను" అన్నాడు. సగం ధరకి! నా కూతురు పెరట్లో గుంట దగ్గర కూర్చుని ఏడుస్తుంటే వాడు డిస్కౌంట్ చెప్తున్నాడు.

డాక్టరు నాకు తర్వాత చెప్పాడు, అది నలభై రోజులది కాదని, పళ్ళు చూస్తే నెల కూడా నిండి ఉండదని. తల్లి దగ్గర ఉండాల్సిన వయసు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్ర ప్రభుత్వం 2017లో నియమాలు తెచ్చింది. రెండు నెలలు నిండని పిల్లను అమ్మకూడదు. పిల్లలు వేయించి అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేసుకోవాలి. పిల్లకు వేసిన టీకాల రికార్డు కొన్నవాడికి ఇవ్వాలి. 2018లో పెంపుడు జంతువుల దుకాణాలకు వేరే నియమాలొచ్చాయి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. మీరు ఫోన్లో చెప్పిన పిల్లను అమ్మేవాడిని ఆ నమోదు నంబరు అడిగి చూడండి. "కాగితాలున్నాయి" అంటాడు కదా, ఆ కాగితం పిల్ల తాతముత్తాతల వంశం గురించే ఉంటుంది. దాని తల్లి ఇప్పుడు ఎక్కడ, ఏ బోనులో, ఎన్నో ఈతలో ఉందో ఆ కాగితంలో ఉండదు.

ఆ తల్లి గురించే నా బాధంతా. ఏడాదికి రెండు ఈతలు వేయిస్తారు, పిల్లల్ని నెల తిరక్కుండా లాగేస్తారు, పాలు ఇంకిపోకముందే మళ్ళీ కట్టిస్తారు. బేజుబాన్ జానవర్. అది చేసే ఫర్యాద్ వినేదెవరు? మనం పదిహేను వేలు ఇచ్చామంటే ఆ బోనుకు ఇంకో ఆరు నెలల కిరాయి కట్టినట్టే.

ఇప్పుడు దీన్ మాటకొద్దాం, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. అబూ మసూద్ అన్సారీ రివాయత్, బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. రసూలుల్లా మూడు రకాల సొమ్మును మనా చేశారు: కుక్క ధర, వ్యభిచారం మీద వచ్చే సంపాదన, జోస్యం చెప్పేవాడికి ఇచ్చే కానుక. చూడండి, ఏ సొమ్ముల పక్కన పెట్టారో! కుక్కను పెంచడానికి మినహాయింపులు ఉన్నాయి, అదే హదీసుల్లో కళ్ళకు కనిపిస్తాయి. కుక్కను అమ్ముకు తినడాన్ని మాత్రం ఈ వరసలో నిలబెట్టారు. మనవాళ్ళు ఏం చేశారు? పెంచడాన్ని హరామ్ చేసేసి, కొనడం గురించి నోరు మెదపరు. ఉల్టా అయిపోయింది దీన్!

ఇన్సాఫ్ కోసం రెండో పక్క కూడా చెప్తాను, లేకపోతే రేపు ఎవరో మౌల్వీ సాబ్ నన్ను పట్టుకుంటారు. మన హనఫీ ఫిఖ్హ్‌లో పనికొచ్చే కుక్కను అమ్మడం, కొనడం జాయజ్. వేటకుక్కకు మినహాయింపు ఇచ్చే ఒక రివాయత్‌ను వాళ్ళు చూపిస్తారు, దాని సనద్ మీద ముహద్దిసీన్ మధ్య మాటలున్నాయి. షాఫయీల దగ్గర ఆ బేరమే చెల్లదు. సరే, మన ఇమాం జాయజ్ అన్నారు, తలొంచుతాను. కానీ ఆయన కాలంలో కూఫా బజారులో అమ్మింది పనికొచ్చే కుక్కను. ఒక చేతి నుంచి ఇంకో చేతికి, వేటకో మందకో. నెల పిల్లను తల్లి నుంచి లాగి, అబద్ధపు వయసు చెప్పి, అబద్ధపు టీకా కార్డు అంటించి అమ్మడం ఏ ఇమాం దగ్గరా జాయజ్ కాదు. అది ధోఖా. ధోఖా చేసేవాడు మనలోవాడు కాదన్న హదీసుకు మస్లక్ ఫరక్ లేదు.

"అయితే నేను కొని నీకు తోఫాగా ఇస్తా, నువ్వు ధర ఇచ్చినట్టు కాదుగా" అంటారేమో సాడూ భాయ్. మీరు అనే మనిషే! తోఫా మీ జేబులోంచి వచ్చినా దుకాణంవాడి గల్లాలోనే పడుతుంది కదా.

పోనీ దీన్ పక్కన పెట్టి అకల్‌తో మాట్లాడదాం. మే నెలలో ఉదయగిరి ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. దుర్గం కొండ రాయి పగలంతా కాగి రాత్రంతా ఊరి మీదకు వేడి వదులుతుంది. అక్కడ ఒకాయన సైబీరియా మంచులో బండ్లు లాగే హస్కీని తెచ్చి పెట్టుకున్నాడు. నేను చూశాను, అది బాత్రూం గచ్చు మీద నాలుక బయటపెట్టి పడుకుని ఉంటుంది, కరెంటు పోతే ఇంట్లోవాళ్ళు దాని మీద నీళ్ళు పోస్తారు. పగ్ అయితే ముక్కే లేదు పాపం, ఊపిరి తీసుకోవడమే దానికి రోజూ కూలి పని. లాబ్రడార్ మంచిదే, కాదనను. కానీ దాని తిండి, దాని తుంటి కీళ్ళ నొప్పులు, దాని డాక్టరు ఖర్చు మేకలు మేపుకునే ఇంట్లో ఎవరు భరిస్తారు? పైగా లాబ్రడార్ మేకల దొంగను చూసి తోక ఊపుతుంది.

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అంటారు. కుక్క విషయంలో ఆ అడవి అక్షరాలా అడవే. ఏఎస్ పేట దర్గా దగ్గర చూడండి. హజ్రత్ రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా, మనసు బాగోలేని వాళ్ళను ఎక్కడెక్కడి నుంచో తెచ్చి అక్కడ ఉంచుతారు. అక్కడే ఒకసారి బొచ్చు గడ్డకట్టి, మెడకు ఎర్ర పట్టీతో తిరుగుతున్న జాతికుక్కను చూశాను. ఎవరో కారులో వచ్చి వదిలేసిపోయారంట. ఊరకుక్కలు దాన్ని దగ్గరకు రానీయవు, దానికి వీధిలో బతకడం రాదు. ఒక పిచ్చితల్లి తన రొట్టెలో సగం తుంచి దానికి పెడుతోంది. ఎవరూ ఆమెను నాపాక్ అనలేదు. దాహంతో మట్టి నాకుతున్న కుక్కకు తన తోలు జోడుతో బావిలోంచి నీళ్ళు తోడి పోసినవాడి గునాలు మాఫ్ అయ్యాయని మనందరం పిల్లలకు చెప్తాం. ఆ కుక్క జాతి ఏమిటో హదీసులో లేదు.

అయితే ఎక్కడ నుంచి తేవాలి? నేను నెల రోజులుగా దీని మీదే తిరిగాను.

మొదట జాతి దేశవాళీల గురించి ఆలోచించాను. 2020 ఆగస్టులో ప్రధాని రేడియోలో ముధోల్, రాజపాళయం, చిప్పిపారై, కన్ని, కొంబై పేర్లు చెప్పాక వాటికి గిరాకీ వచ్చింది. మన ఆంధ్రదే ఒక జాతి ఉంది, జోనంగి. కొల్లేరు వైపు బాతుల్ని తోలేవాళ్ళ దగ్గర ఉండేది. వెంట్రుక అతి పొట్టి, నుదుటి మీద ముడతలు, మొరగడం కన్నా కూసినట్టు అరుస్తుంది. ఇప్పుడు తగ్గిపోయింది. దాన్ని కాపాడుకోవాలనే షౌక్ ఉన్నవాళ్ళ మీద నాకు ఇజ్జత్ ఉంది. కానీ గిరాకీ వచ్చిన మరుసటి రోజే మళ్ళీ అవే బోనులు, అవే కార్డులు మొదలవుతాయి. దేశవాళీ అని పేరు మారినా ధర ధరే.

తర్వాత గొర్రెల కాపరుల్ని అడిగాను. వింజమూరు దారిలో మంద వేసిన ఒక పెద్దాయన నవ్వాడు. "కుక్కకు డబ్బులెవరన్నా తీసుకుంటారా సాయిబూ? ఈనినప్పుడు రా, ఒకటి పట్టుకుపో" అన్నాడు. చూశారా! ఆయన బుఖారీ చదవలేదు. హదీసు మాత్రం ఆయన చేతిలో నడుస్తోంది. కాకపోతే ఆయన కుక్క ఇప్పట్లో ఈనదు, ఈనేనాటికి మంద ఎక్కడుంటుందో ఆయనకే తెలియదు.

మిగిలింది గల్లీ. మా ససురాల్ ఉదయగిరిలో. మా అత్తమ్మ వాళ్ళది చెక్క గరిటెలు చేసే ఇల్లు. దుర్గం అడవిలోంచి నర్ది, కల్ది, బిక్కి కర్ర వస్తుంది, ఆడవాళ్ళు కూర్చుని ఆకురాయి, ఉలి పెట్టి స్పూన్లు, ఫోర్కులు చెక్కుతారు. ఆ వీధిలో ఒక గోధుమరంగు ఆడకుక్క ఉంది. చెక్క పొట్టు గుట్ట మెత్తగా ఉంటుందని దాంట్లోనే గుంట చేసుకుని ఐదు పిల్లల్ని పెట్టింది. ఒకసారి మేం దుర్గం ఎక్కితే ఈ తల్లే మా వెంట పైదాకా వచ్చింది. గోల్కొండ అబ్దుల్లా కుతుబ్ షా కాలం నాటి మసీదు ఉంది కదా పైన, అక్కడ మేం లోపలికెళ్ళి రెండు రకాతులు చదువుకుంటే ఇది బయట రాతి మీద కాళ్ళు చాచి పడుకుంది. ఎవరూ నేర్పలేదు. పాప నా చెవిలో "అబ్బా, ఖిత్మీర్" అంది.

ఐదు పిల్లల్లో మూడు మగవి. మగవాటిని వాళ్ళూ వీళ్ళూ పట్టుకెళ్ళారు. రెండు ఆడవి మిగిలాయి. ఎవరికీ వద్దు. "ఆడది ఈనుతుంది భాయ్, తలనొప్పి." రేపో మాపో ఎవరో గోతంలో వేసి ఊరి బయట దింపి వస్తారు, ప్రతి ఊళ్ళోనూ జరిగేదే. నేను ఒక ముస్లింగా ఈ మాట విన్నప్పుడు నాకు జాహిలియ్యా అరబ్బులు గుర్తొచ్చారు. ఆడపిల్ల పుడితే ఇసుకలో పూడ్చిన వాళ్ళు. పోల్చకూడదు, ఇన్సాన్ వేరు, జానవర్ వేరు. అయినా గుర్తొచ్చింది, ఏం చేయను? ఈనకుండా ఆపరేషన్ చేయించడానికి పశువుల డాక్టరు ఉన్నాడు. గోతం ఎందుకు?

వీధికుక్క అంటే భయపడేవాళ్ళ మాట కొట్టిపారేసే మనిషిని కాను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబును కుక్కలు చంపేసిన వీడియో చూశాక రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. రేబిస్ వచ్చిందంటే బతకడం లేదు. కుక్కల్ని ప్రేమించే వాళ్ళు ఈ మాట గట్టిగా చెప్పకపోవడం వాళ్ళ తప్పు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది కదా, 2025 ఆగస్టు 11న ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమన్నారు, 22న మార్చి, ఆపరేషన్ చేసి టీకా వేసి ఎక్కడివి అక్కడే వదలమన్నారు, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ తప్ప. ఈ బహస్‌లో రెండు పక్షాలూ గొంతు చించుకున్నాయి. ఒక్క ఇల్లు ఒక్క ఆడపిల్లను తీసుకుని, టీకా వేయించి, ఆపరేషన్ చేయిస్తే ఆ వీధిలో పుట్టబోయే ఎన్ని ఆకలి నోళ్ళు తగ్గుతాయో ఎవరూ లెక్కేయలేదు.

నా లెక్క ఇది. పిల్లకు రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంటుంది. పార్వోకి, డిస్టెంపర్‌కి మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేయాలి, నాలుగో నెల దాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్ళీ మళ్ళీ వేయాలి. వీధి పిల్లకు పార్వో రాదని నేను భ్రమపడను, ఒకసారి చూసినవాణ్ణి. మూడో నెలలో రేబిస్ టీకా. జులై 6న జూనోసిస్ దినం నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో అది ఉచితంగా వేస్తారు, పాశ్చర్ 1885లో మొదటిసారి ఒక పిల్లవాడికి ఆ టీకా వేసిన రోజు. తల్లికీ అదే రోజు వేయిస్తాను, మా అత్తమ్మ పట్టుకుంటానంది. పిల్ల పన్ను గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి, మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు సూది. పాప చేత ఇవన్నీ కలిమా నేర్పినట్టు కంఠస్థం చేయించాను. కొట్టం దగ్గర మట్టి గిన్నె, దానికి వేరే. నమాజ్ బట్టలు వేరే. ఇంతకన్నా తహారత్ ఏం కావాలి చాచా?

వెయ్యేళ్ళ కిందట బగ్దాద్‌లో ఇబ్నుల్ మర్జుబాన్ అనే ఆలిమ్ అరబీలో ఒక కితాబ్ రాశాడు. బట్టలు తొడుక్కున్న చాలామంది కన్నా కుక్కలు మేలు అని ఆ కితాబ్ పేరే. మన మొహల్లాలో అలాంటి పేరుతో పుస్తకం వేస్తే ఏమవుతుందో ఊహించుకుని నవ్వుకున్నాను.

తోడల్లుడికి నిన్న ఫోన్ చేశాను. కొంచెం నారాజ్ అయ్యాడు. "పదిహేను వేల కుక్కనిప్పిస్తానంటే చెత్తకుప్ప కుక్కంటావేంది భాయ్‌జాన్" అన్నాడు. చెత్తకుప్ప కాదు, చెక్కపొట్టు అన్నాను. ఫోన్ పెట్టేశాడు. ఈద్‌కి మాట్లాడతాడులెండి.

అసలు అడ్డం పడింది మా అత్తమ్మ. పిల్లను ఆత్మకూరు తెస్తానంటే ఒప్పుకోలేదు. "మగవాటిని పట్టుకుపోయినప్పుడు తల్లి మూడు రాత్రులు గల్లీ అంతా వెతికింది. నువ్వు రెండో దాన్ని కూడా పట్టుకుపోతే నేను దాని మొహం ఎట్లా చూడాల?" అంది. దీనికి నా దగ్గర ఫిఖ్హ్ లేదు, దలీల్ లేదు. పక్షి పిల్లల్ని గూటిలోంచి తీసినవాళ్ళను తల్లికి తిరిగి ఇచ్చేయమన్న హదీసు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. రెండు నెలలు దాటాక ఒకటి మాకు, రెండోది తల్లి దగ్గరే అత్తమ్మ ఇంట్లో. తల్లికి ఆపరేషన్ ఖర్చు నాది.

వచ్చే శనివారం ఉదయగిరి పోతున్నాం. పాప అట్టపెట్టె వద్దంది, పాతది గుర్తొస్తుందంట. బుట్ట తీసుకెళ్తున్నాం. జుమా రోజు చాచా మళ్ళీ కనిపించాడు, మేకల కొట్టం చూడ్డానికి ఒకసారి ఇంటికి రమ్మన్నాను. వస్తాననలేదు, రాననీ అనలేదు. ఆ పిల్ల ఎన్ని రోజులదని మాత్రం అడిగాడు.